డబ్బు వచ్చింది, పేరు కలవలేదు

మా బామ్మర్ది బ్యాంకు ఉద్యోగి. ఊరి బ్రాంచిలో కాదు, బెంగళూరులో, బయటి దేశాల డబ్బు వచ్చీపోయే విభాగంలో పని. పండక్కి వచ్చి కూడా ల్యాప్‌టాప్ మూసింది లేదు. ఏందిరా అంత పని అంటే, "కొత్త ఫార్మాటుకు రెడీ అవుతాండాం బావా. 2026 నవంబరు నుంచి అడ్రసు సరిగ్గా లేని పేమెంటును సిస్టమే తిప్పి కొట్టేస్తాది" అన్నాడు. ఎవరి అడ్రసు అన్నాను. "పంపేవాళ్లది, తీసుకునేవాళ్లది, ఇద్దరిదీ." మరి తీసుకునేవాళ్లకు చెప్పారా? వాడు నవ్వాడు. "మాది సిస్టమ్స్ టీమ్ బావా. చెప్పేది బ్రాంచోళ్ల పని."

నేను కడపలో చిన్న అకౌంట్స్ ఆఫీసు నడుపుతాను. ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్నులు, జీఎస్టీ, పాన్ కార్డు సవరణలు చేసిపెట్టడం నా పని. అయితే గల్ఫ్ డబ్బు తిరిగే ఊళ్లో ఇలాంటి ఆఫీసుకు హద్దులుండవు. కువైట్ నుంచి డబ్బు పడలేదంటే జనం ముందు నా దగ్గరికి వచ్చి, ఆ తర్వాత బ్యాంకుకు పోతారు. అందుకని బామ్మర్ది మాట మనసులో పెట్టుకుని, పని మీద ఒక బ్రాంచికి పోయినప్పుడు అక్కడి ఆఫీసరును అడిగాను. "మాకేం సర్క్యులర్ రాలేదే సార్. అయినా అదంతా హెడ్డాఫీసు వాళ్లు చూసుకుంటారు" అన్నాడాయన.

పైవాడు కిందివాడు చెప్తాడంటాడు, కిందివాడు పైవాడు చూసుకుంటాడంటాడు. నా వాదనంతా దీని మీదే. కొత్త నిబంధనలు తప్పని నేను అనను, చాలావరకు కావలసినవే. కానీ బ్యాంకులు వాటికోసం కంప్యూటర్లను సిద్ధం చేస్తున్నంతగా కౌంటర్లను సిద్ధం చేయడం లేదు. ఎక్కడ తేడా వచ్చినా దాన్ని సరిచేసుకునే భారం, ఖర్చు, తిరుగుడు అన్నీ డబ్బు అందుకునే మనిషి నెత్తిన పడుతున్నాయి. మన దగ్గర ఆ మనిషి చాలాసార్లు ఆడమనిషి. మొగుడు అక్కడుంటే ఇక్కడుండే భార్య, కూతురు అక్కడ ఇంటిపనికి పోతే ఇక్కడ పిల్లల్ని సాకే తల్లి.

మారుతున్నదేమిటంటే

కువైట్ డబ్బు మనకు రెండు దార్లలో వస్తుందని తెలిసిందే. ఒకటి బ్యాంకు నుంచి బ్యాంకుకు స్విఫ్ట్ (దేశాల మధ్య బ్యాంకులు మాట్లాడుకునే వ్యవస్థ) సందేశంతో వచ్చేది. ఇంకొకటి కువైట్ సిటీలోని మాలియాలో ఎక్స్ఛేంజి కౌంటర్లో దినార్లు కట్టి, రసీదు ఫోటో వాట్సాప్‌లో పంపేది. ఈ రెండోదానిలో ఎక్స్ఛేంజి కంపెనీకి మన దేశంలోని ఏదో ఒక బ్యాంకుతో ముందే ఒప్పందం ఉంటుంది. ఆ బ్యాంకు రూపాయల్లో మన ఖాతాకు వేస్తుంది. నేను చూసినంతలో మన వైపు ఎక్కువమంది వాడేది దీన్నే.

మొదటి దారిలో వచ్చిన మార్పు సాంకేతికమైనది. పాత స్విఫ్ట్ సందేశంలో పేరుకూ చిరునామాకూ కలిపి నాలుగు వరుసలు, వరుసకు 35 అక్షరాలు. అందులో ఏం కుక్కినా చెల్లిపోయేది. 2023 మార్చిలో మొదలుపెట్టి 2025 నవంబరు నాటికి బ్యాంకులన్నీ చెల్లింపు సందేశాలను ఐఎస్ఓ 20022 అనే కొత్త రూపానికి మార్చుకున్నాయి. ఇక 2026 నవంబరు నుంచి ఊరి పేరు, దేశం పేరు వాటి వాటి గడుల్లో విడిగా ఉండాలి. మిగతా చిరునామాను రెండు వరుసల్లో ఎలాగైనా రాసుకోవచ్చు గానీ ఈ రెండూ మాత్రం తప్పనిసరి.

రెండో మార్పు ఇంతకన్నా లోతైనది. నల్లడబ్బు, ఉగ్రవాదుల డబ్బు మీద దేశాలన్నిటికీ ప్రమాణాలు పెట్టే ఎఫ్ఏటీఎఫ్ సంస్థ 2025 జూన్‌లో తన 16వ సిఫారసును తిరగరాసింది. 1000 డాలర్లు దాటి దేశం మారే డబ్బు వెంట పంపినవారి పేరు, చిరునామా, పుట్టిన తేదీ కూడా ప్రయాణం చేయాలి. అందుకునే బ్యాంకు ఆ సందేశంలో డబ్బు అందుకునేవారిగా ఉన్న పేరు తన ఖాతాదారు పేరుతో కలుస్తోందో లేదో చూడాలి. 2030 ఆఖరుకల్లా దేశాలు దీన్ని అమలు చేయాలి. 1000 డాలర్లంటే కువైట్లో ఇంటిపని చేసే మనిషికి రెండు నెలల జీతానికి మించిన డబ్బు. కాబట్టి నెలనెలా పంపే ఖర్చుల డబ్బు దీని కిందికి రాదు కదా అని మీరనవచ్చు. కాగితం మీద నిజమే. అయితే బ్యాంకు సాఫ్ట్‌వేరుకు చిన్న డబ్బుకో జల్లెడ, పెద్ద డబ్బుకో జల్లెడ పెట్టే ఓపిక ఉంటుందని నాకు నమ్మకం లేదు. ఒకే జల్లెడతో అన్నిటినీ పట్టడం వాళ్లకు సులువు. పైగా మనవాళ్లు ఇంటి స్లాబుకో, కూతురి పెళ్లికో కూడబెట్టి ఒక్కసారిగా పంపేది ఎప్పుడూ ఈ గీత దాటే ఉంటుంది.

మూడోది మన రిజర్వు బ్యాంకుది. 2025 అక్టోబరులో ఒక ముసాయిదా సర్క్యులర్ బయటపెట్టింది. బయటి దేశం నుంచి డబ్బు సందేశం అందిన వెంటనే బ్యాంకు కస్టమరుకు చెప్పాలి, విదేశీ బ్యాంకులో తనకున్న ఖాతాలోని జమలను రోజు చివర వచ్చే స్టేట్‌మెంటు దాకా ఆగకుండా మధ్యమధ్యలోనే సరిచూసుకోవాలి, ఫారెక్స్ మార్కెట్ వేళల్లో వచ్చినదాన్ని ఆ రోజే ఖాతాకు వేయాలి, వేళ దాటి వచ్చినదాన్ని మర్నాటి పనిదినాన వేయాలి అని. ఇందులో మొదటి ముక్క ఒక్కటి నిజంగా జరిగినా చాలు, నా ఆఫీసుకొచ్చే ఫోన్లు సగానికి తగ్గుతాయి. బ్యాంకు దారిలో గురువారం సాయంత్రం పంపిన డబ్బుకు శుక్ర, శనివారాలు కువైట్‌కు సెలవు, ఆదివారం మనకు సెలవు. సోమవారం దాకా ఆ డబ్బు ఎక్కడుందో దేవుడికే ఎరుక. వచ్చి ఆగిందా, అసలు రానేలేదా అన్నది తెలియకపోవడమే పెద్ద నరకం.

పేరొకటే, రాతలు నాలుగు

మా వీధి చివర ఒకామె ఉంది. భర్త కువైట్లో డ్రైవరు. పాత పెంకుటిల్లు పడగొట్టి కొత్తిల్లు మొదలుపెట్టారు. స్లాబు వేయడానికి నాలుగు లక్షల పైచిలుకు ఒకేసారి అక్కడి బ్యాంకు నుంచి పంపాడు. అక్కడ అతని ఖాతాలో డబ్బు తగ్గింది, ఇక్కడ ఆమె ఖాతాలో పడలేదు. బ్రాంచిలో అడిగితే రెండు రోజులు "ఇంకా రాలేదమ్మా" అన్నారు. ఆ తర్వాత "వచ్చింది గానీ పేరు మిస్‌మ్యాచ్, హోల్డ్‌లో ఉంది" అన్నారు.

పేరులో తేడా ఏమిటయ్యా అంటే, అతను తన పాస్‌పోర్టులో భార్య పేరు ఎలా ఉందో చూసి అలాగే కొట్టాడు. అందులో ముందు షేక్ అని పూర్తిగా ఉండి, చివర బేగం అని ఉంది. పాసుబుక్కులో ముందు ఎస్ అనే ఇనిషియల్, చివర బీ. ఆధార్‌లో షేక్ ఉంది గానీ ఇంగ్లీషు స్పెల్లింగు వేరు. పాన్ కార్డులో ఇంకో రకం, అది నేను చేయించిందే, ఆధార్ చూసి. మనిషి ఒకతే. ఏ కాగితమూ దొంగది కాదు. ఒక్కో కాగితం ఒక్కో గుమాస్తా చేతి మీదుగా, ఒక్కో కాలంలో వచ్చింది, అంతే.

బ్యాంకువాళ్లు ఒక లెటరు, ఆధార్ నకలు, భర్త పాస్‌పోర్టు నకలు, అతని బతాకా (కువైట్ గుర్తింపు కార్డు) నకలు అడిగారు. అవి ఇచ్చాక, రెండు పేర్లూ ఒకరివే అని నోటరీ అఫిడవిట్ తెమ్మన్నారు. ఏదీ ఒకేసారి చెప్పలేదు. ఆమె నా కుర్చీ ఎదురుగా కూర్చుని చెప్పిన మాట ఇది: "దుడ్లు మాయే, పేరు నాదే, రెండిటికీ సాక్ష్యం తెమ్మంటారేంది సామీ." ఈలోపు సెంట్రింగ్ రేకులకు, పోట్లకు రోజు బాడుగ నడుస్తూనే ఉంది. ఇనుము కట్టి పెట్టిన పైకప్పు మీద వాన పడితే తుప్పు పడుతుందని మేస్త్రీ సతాయింపు. రెండు వారాలు దాటాక డబ్బు పడింది. ఈ మధ్య రోజుల బాడుగ ఎవరిస్తారని ఆమె అడగలేదు. అడగవచ్చునన్న ఆలోచనే ఆమెకు లేదు.

ఇదంతా పాత పద్ధతిలో జరిగిందని గుర్తుంచుకోండి. పేరు తప్పనిసరిగా పోల్చాలన్న కొత్త నియమం ఇంకా పూర్తిగా దిగనే లేదు.

దేశం లోపల మనకు పేరుతో పెద్దగా పని పడేది కాదు. నెఫ్ట్‌లో ఖాతా నంబరు చూసే జమ చేస్తారని రిజర్వు బ్యాంకు 2010లోనే తేల్చింది. మొన్నమొన్న, 2025 ఏప్రిల్ నుంచి, పంపేముందు ఎదుటివారి పేరు చూసుకునే వీలు నెఫ్ట్, ఆర్‌టీజీఎస్‌లకు కూడా వచ్చింది. అది మంచి ఏర్పాటు. పంపేవాడికి తెర మీద పేరు కనబడుతుంది, అవునో కాదో వాడే తేల్చుకుంటాడు. సింగపూరులో ఉన్నవాళ్లకు 2023 ఫిబ్రవరి నుంచి మన యూపీఐతో లంకె కుదిరింది, ఫోను నంబరుతో పంపుకోవచ్చు. కువైట్‌కు అలాంటి లంకె లేదు. అక్కడి కౌంటర్లో మనవాడు కాగితం చూసి పేరు చెప్తాడు, అవతలి క్లర్కు విన్నట్టు కొడతాడు. తేడా పుట్టేది అక్కడ. దాన్ని పట్టుకునేది ఇక్కడ, డబ్బు సముద్రం దాటి వచ్చాక.

షేక్ అనే పేరునే చూడండి. ఇంగ్లీషులో ఏ తర్వాత ఐ పెట్టేవాళ్లు, ఈ తర్వాత ఐ పెట్టేవాళ్లు, చివర హెచ్ తగిలించేవాళ్లు, ఎస్‌కే అని రెండక్షరాలతో సరిపెట్టేవాళ్లు. రెడ్ల ఇళ్లలో ఇంటిపేరు ముందు, పాస్‌పోర్టులో అదే ఇంటిపేరు సర్‌నేమ్ గడిలోకి పోయి వెనక్కి మళ్లుతుంది. ఊళ్లల్లో పాతకాలపు ఆడవాళ్లకు అసలు ఇంటిపేరే రాయని కాగితాలున్నాయి, ఉత్త లక్ష్మమ్మ. 2022 నవంబరులో యూఏఈ ఒంటిపేరు పాస్‌పోర్టులతో విజిట్ వీసా మీద రానివ్వమన్నప్పుడు మన జిల్లాల్లో పాస్‌పోర్టు సవరణల కోసం ఎంత పరుగు పెట్టారో చూశాం. అది కొందరి ప్రయాణాల మీద పడింది. ఇది ప్రతి ఇంటి ఖాతా మీద పడబోతోంది.

జనవరి ఒకటిన పుట్టినవాళ్లు

ఇక్కడ నా వాదనకు నాకే ఒక అడ్డం కనబడింది. రాస్తూ రాస్తూ ఆలోచిస్తే, పుట్టిన తేదీ అడగడం మనవాళ్లకు మేలే చేయాలి.

డబ్బు దేశం దాటేటప్పుడు పంపేవారి పేరునూ అందుకునేవారి పేరునూ ఐక్యరాజ్యసమితి ఆంక్షల జాబితాతో, అమెరికా జాబితాతో కంప్యూటరు పోల్చి చూస్తుంది. ఆ జాబితాల్లో మహమ్మద్‌లు, అబ్దుల్‌లు, షేక్‌లు బోలెడు. కడపలో పెద్ద దర్గా చుట్టుపక్కల వీధుల్లో ఈ పేర్లు లేని ఇల్లుందా? పేరు ఒక్కటే చూస్తే మాటిమాటికీ గంట మోగుతుంది. అదే పుట్టిన తేదీ కూడా వెంట వస్తే, ఎవడో 1958లో యెమెన్‌లో పుట్టినవాడు, ఈయన 1981లో కడపలో పుట్టినవాడు అని మరుక్షణంలో తేలిపోతుంది. ఆమాటకొస్తే ఊరి పేరు విడి గడిలో ఉండటం కూడా ఇందుకే పనికొస్తుంది. బామ్మర్ది కూడా అదే అన్నాడు. "బావా, నువ్వు తిట్టే రూలే మీ వీధోళ్ల డబ్బు ఆగకుండా చూస్తాది."

ఒప్పుకున్నాను. అయితే పూర్తిగా కాదు. మనవాళ్ల పుట్టిన తేదీలు ఎలా ఉంటాయో బెంగళూరు సిస్టమ్స్ టీముకు తెలియదు. ఆధార్ తీసుకునేటప్పుడు తేదీ చెప్పలేనివాళ్లకు సంవత్సరం అంచనా కట్టి జనవరి ఒకటో తారీఖు వేశారు. నా దగ్గరికి రిటర్నులకు వచ్చే నలభై దాటిన ఆడవాళ్లలో జనవరి ఒకటిన పుట్టినవాళ్లు ఎంతమందో చూస్తే నవ్వొస్తుంది. పాస్‌పోర్టు స్కూలు టీసీ ప్రకారం ఇంకో తేదీ చెప్తుంది. పంపేవారి తేదీ కువైట్ బతాకాలో ఒకటి, ఇక్కడ ఎన్ఆర్ఈ ఖాతాలో (విదేశాల్లో ఉండేవాళ్లు ఇక్కడ పెట్టుకునేది) ఒకటి ఉంటే, మేలు చేయాల్సిన వివరమే కొత్త గంట మోగిస్తుంది. కాబట్టి నియమం మంచిదా చెడ్డదా అన్నదానికన్నా, దాని కింద ఉన్న మన కాగితాల స్థితి ఏమిటన్నది పెద్ద ప్రశ్న. ఆ కాగితాల్లో సగం బ్యాంకు దగ్గరే ఉన్నాయి. కేవైసీ పేరిట మళ్లీ మళ్లీ తీసుకుంటూనే ఉంటారు. తమ దగ్గరున్న పాసుబుక్కు పేరు, ఆధార్ పేరు, పాన్ పేరు మూడింటినీ పక్కపక్కన పెట్టి తేడా ఉన్న ఖాతాలను ముందే వేరు చేయడం బ్యాంకుకు ఒక్క పూట పని.

కడప ఏ ఊరు?

ఊరి పేరు గడి సంగతి కూడా చిన్నదనిపిస్తుంది, కాదు. మా ఊరి ఇంగ్లీషు స్పెల్లింగు 2005 దాకా సీయూడీడీ అంటూ సాగే తెల్లవాళ్ల రాత. ఆ తర్వాత కేతో మొదలయ్యే నేటి రాత వచ్చింది. 2010లో జిల్లా పేరు వైఎస్సార్ అయింది, 2025లో వైఎస్సార్ కడప అయింది. పాత ఖాతాల్లో పాత స్పెల్లింగు అలాగే పడి ఉంది. కొన్నిట్లో ఊరి గడిలో జిల్లా పేరుంటుంది. ఊరు చెన్నూరు మండలంలో ఏ పల్లెనో అయినా, ఊరి గడిలో మండలం పేరు, వరుస మధ్యలో "మసీదు వెనక" అని, దానికి ముందు ఫలానావారి భార్య అని ఉంటుంది. మనిషి ఈ చిరునామా పట్టుకుని ఇల్లు వెతుక్కోగలడు. పోస్ట్‌మ్యాన్ కళ్లు మూసుకుని పోగలడు. మిషనుకు మాత్రం ఊరేదో తెలియాలి.

ఊరి పేరు తప్పుంటే చెల్లింపు ఆగదని, గడి ఖాళీగా ఉంటేనే ఆగుతుందని బామ్మర్ది వాదన. సరే. మరి ఖాళీ గడులున్న ఖాతాలను నింపేది ఎవరు? కంప్యూటరుకే నేర్పి పిన్‌కోడు చూసి నింపిస్తామన్నాడు. 516001 నుంచి 516004 దాకా కడపే కాబట్టి టౌనులో కుదురుతుంది. పల్లెల్లో ఒకే పిన్‌కోడు కింద ఎన్ని ఊళ్లుంటాయో వాడికి తెలియంది కాదు. వాడూ సింహాద్రిపురం దగ్గర పుట్టినవాడే.

బ్యాంకు కుర్చీలోంచి చూస్తే

బ్యాంకువాళ్లను ఊరికే తిట్టిపోయడం న్యాయం కాదు. ఆ స్లాబు డబ్బు ఆగినప్పుడు బ్రాంచి ఆఫీసరు నాతో విడిగా ఒక మాటన్నాడు. "పేరు కలవకుండా వేసేశాననుకోండి సార్, అది రాంగ్ క్రెడిట్ అయితే నా జీతంలోంచి కోస్తారు. ఆపితే మహా అయితే ఒక కంప్లైంట్ వస్తుంది." ఆయన స్థానంలో ఉంటే నేనూ ఆపేవాణ్నే. శిక్ష ఒకవైపే ఉన్నప్పుడు మనిషి ఆ వైపు పోడు.

పైగా ఖాతాలను అద్దెకిచ్చే బెడద మన ఊళ్లకూ వచ్చింది. పాసుబుక్కు, సిమ్ము, ఏటీఎం కార్డు కలిపి ఎవడికో ఇచ్చి, నెలకింత తీసుకుని, చివరికి ఎక్కడో దూర రాష్ట్రం నుంచి పోలీసు నోటీసు అందుకున్న పిల్లలు నా ఆఫీసుకూ వచ్చారు. పేరు కలిపి చూడటమంటే ఇలాంటివాటికి అడ్డుకట్ట. ఇంకో వైపు, నంబరులో ఒక అంకె తప్పి వేరేవాళ్ల ఖాతాలో పడిన డబ్బు వెనక్కి రావడం ఎంత కష్టమో అనుభవించినవాళ్లకు తెలుసు. పేరు చూసే అలవాటు ముందే ఉంటే అది పడేదే కాదు. కాబట్టి పేరు చూడొద్దని నేనెప్పుడూ అనను. పేరు కలవనప్పుడు ఆ తర్వాత ఏం చేయాలో ఎవరూ రాసిపెట్టకపోవడం మీదే నా ఫిర్యాదు. పెళ్లికి పందిరి ఆకాశమంత వేసి, వంటవాళ్లకు చెప్పడం మరిచినట్టుంది ఈ ఏర్పాటు.

ఐరోపా యూనియన్‌లో యూరో వాడే దేశాల్లో 2025 అక్టోబరు 9 నుంచి యూరో చెల్లింపులకు పేరు సరిచూడటం తప్పనిసరి చేశారు. అక్కడ జవాబు కలిసింది, కలవలేదు అని రెండే కాదు. దాదాపు కలిసింది అనేది కూడా ఉంది. అలా వస్తే ఖాతాదారు అసలు పేరు పంపేవాడికి చూపిస్తారు, పంపేముందే. ఇనిషియళ్లు, ఇంటిపేర్లు ముందువెనకలయ్యే మన దేశానికి ఈ మధ్య జవాబు వాళ్లకన్నా పదిరెట్లు అవసరం.

హుండీవాడు పేరడగడు

ఇది రాయాలా వద్దా అని చాలాసేపు ఆలోచించాను. రాయకపోతే వాదన సగమే. బ్యాంకులో ఇన్ని తిప్పలు పడినవాళ్లు తర్వాతిసారి ఏం చేస్తారో మన ఊళ్లో అందరికీ తెలుసు. హుండీవాడు, అంటే బ్యాంకుతో పని లేకుండా డబ్బు చేరవేసేవాడు, స్పెల్లింగు అడగడు, పుట్టిన తేదీ అడగడు. అక్కడ దినార్లు తీసుకుని, ఇక్కడ సాయంత్రానికి ఇంటికి మనిషిని పంపుతాడు. రేటు కూడా ఒక పైసా ఎక్కువే ఇస్తాడు. అది విదేశీ మారకం మీద ఉన్న ఫెమా చట్టాన్ని ఉల్లంఘించడమే. అంతకన్నా ముఖ్యం, ఆ డబ్బుకు కాగితం ఉండదు. రేపు స్థలం కొన్నప్పుడు డబ్బు ఎక్కడిదని ఇన్‌కమ్ ట్యాక్స్ నోటీసు వస్తే, కువైట్లో ఇరవై ఏళ్లు ఎండలో చేసిన కష్టం లెక్కలేని సొమ్ము అయిపోతుంది. అలాంటి నోటీసులకు జవాబు రాయలేక చేతులెత్తేసిన సందర్భాలు నాకున్నాయి. బ్యాంకులో పడితే ఇంటి ఖర్చులకు పంపిన సొమ్ము అని పర్పస్ కోడుతో సహా రికార్డు ఉంటుంది. ఆ ఒక్క పంక్తి తర్వాత ఎంత కాపాడుతుందో నాకు తెలుసు.

కాబట్టి బ్యాంకు కౌంటర్లో పుట్టే ప్రతి చికాకూ ఒక కుటుంబాన్ని హుండీ వైపు నెడుతుంది. నల్లడబ్బును ఆపడానికి వచ్చిన నియమం చేతకాని అమలు వల్ల తెల్లడబ్బునే చీకట్లోకి తోస్తే, ఎఫ్ఏటీఎఫ్‌కు మాత్రం ఏం ఒరుగుతుంది? దీనికి ఎదురు మాట కూడా విన్నాను: హుండీకి పోయేవాళ్లు ఎలాగూ పోతారు, బ్యాంకును సాకుగా చెప్తారు అని. కొంత నిజమే. ఎక్కువ రేటుకు ఆశపడేవాళ్లున్నారు. కానీ ఆ డ్రైవరు అలాంటివాడు కాదు. బ్యాంకు ద్వారా పంపాలని పట్టుబట్టినవాడు. ఇప్పుడు అతని అన్నదమ్ములు అతన్ని ఎగతాళి చేస్తున్నారు.

మన డబ్బు ఎంతనుకుంటున్నారో గానీ, రిజర్వు బ్యాంకు 2023-24 సర్వే ప్రకారం దేశానికి వచ్చే ఇలాంటి డబ్బులో కువైట్ వాటా 3.9 శాతం. అమెరికాది 27.7. ఆంధ్రప్రదేశ్‌కు చేరేది 4.4 శాతం. పెద్ద నగరాల బ్యాంకులకు మన కౌంటర్ గుర్తురాకపోవడానికి ఈ అంకెలే కారణమేమో. శాతం చిన్నదైనా, రాజంపేట నుంచి రాయచోటి దాకా ఇల్లిల్లూ నడిచేది దీనితోనే.

అమెరికావాళ్లు రాసుకున్న తీరు

అమెరికాలో 2010 నాటి డాడ్-ఫ్రాంక్ చట్టం కింద బయటి దేశాలకు డబ్బు పంపేవారి కోసం నియమాలు చేశారు. 2013 అక్టోబరు 28 నుంచి అమలు. డబ్బు తీసుకునేముందే రేటు ఎంత, ఫీజు ఎంత, అవతల చేతికందేది ఎంత అన్నది కాగితం మీద చెప్పాలి. అరగంటలోపు రద్దు చేసుకోవచ్చు. తప్పు జరిగితే 180 రోజుల్లోపు ఫిర్యాదు ఇవ్వవచ్చు, 90 రోజుల్లో కంపెనీ విచారించి తేల్చాలి. ఏ భాషలో ప్రకటనలిచ్చి కస్టమర్లను పిలిచారో ఆ భాషలో కూడా ఈ వివరాలివ్వాలి. ఇది నాకు అన్నిటికన్నా నచ్చింది. మన దగ్గర ఎన్ఆర్ఐ ఖాతాల హోర్డింగులు తెలుగులో, హోల్డ్‌లో పెట్టిన కారణం ఇంగ్లీషులో.

అప్పుడు అక్కడి బ్యాంకులు కూడా గోల చేశాయి. అవతలి బ్యాంకు ఎంత కోసుకుంటుందో మాకెలా తెలుస్తుంది అన్నాయి. అందులో న్యాయముంది. అందుకే ఖచ్చితమైన అంకె బదులు అంచనా చెప్పే వెసులుబాటు బ్యాంకులకు 2020 జులై దాకా కొనసాగింది. చిన్నవాళ్ల మీద బరువు తగ్గించడానికి, ఏడాదికి వంద చెల్లింపులు దాటితే వర్తించే నియమాన్ని ఐదు వందలకు పెంచారు. అంటే నియమాన్ని బ్యాంకుల కోసం సడలించారు. కస్టమరు హక్కును మాత్రం తీసేయలేదు. మనం నేర్చుకోవాల్సింది ఈ తూకం.

అక్కడి చట్టం పంపేవాణ్ని చూసి రాసింది. మనం అందుకునే దేశం. అందుకునేవాళ్లకు రాసిన హక్కులెక్కడ? దేశం లోపల ఐఎంపీఎస్ డబ్బు ఎదుటి ఖాతాలో పడకుండా గడువు దాటితే రోజుకు 100 రూపాయలు పరిహారమని 2019 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు ఖరారు చేసింది. కస్టమరు అడగకుండానే ఇవ్వాలంది. అంత సూటి లెక్క విదేశం నుంచి వచ్చి బ్యాంకులో ఆగిన డబ్బుకూ పెట్టమంటున్నాను. పేరు కలవలేదా, ఒక్క పనిదినంలో ఫోన్ చేయండి. ఏయే కాగితాలు కావాలో ఒకేసారి, తెలుగులో, రాతపూర్వకంగా చెప్పండి. అవి అందాక రెండు రోజుల్లో తేల్చండి. తేల్చకపోతే రోజుకింత అని కట్టండి. అప్పుడు ఆ ఆఫీసరుకు ఆపడం కూడా ఖర్చుతో కూడిన పనే అవుతుంది. నిజంగా అనుమానం ఉన్నచోట ఆపనివ్వండి, నాకేం అభ్యంతరం లేదు. బేగంకు, బీకి మధ్య తేడా అనుమానం కింద రాదు.

రోజు పరిహారం పెడితే బ్యాంకులు ఆ భారాన్ని కమిషన్లోనో రేటులోనో మళ్లీ మన మీదే వేస్తాయని బామ్మర్ది బెదిరించాడు. వేయవచ్చు. దినారుకు ఒకటి రెండు పైసలు తగ్గినా, డబ్బు ఏ రోజు వస్తుందో తెలిసి మేస్త్రీకి మాటివ్వగలగడం మేలని ఆ డ్రైవరు భార్యను అడిగితే చెప్తుంది. పల్లెలో గ్రామీణ బ్యాంకు ఖాతాలున్నవాళ్ల సంగతి ఇంకా చిక్కు. నేను చూసినవాటిలో విదేశీ సందేశం వేరే పెద్ద బ్యాంకు చేతిమీదుగా తిరిగి వచ్చింది, ఎవరు ఆపారో తెలుసుకోవడానికే ఒక వారం పట్టింది. పరిహారం నియమం రాసేటప్పుడు ఏ చెయ్యి దగ్గర ఆగిందో చెప్పే బాధ్యత కూడా అందులో ఉండాలి.

ఇదంతా పైవాళ్లు చేసేది. అందాకా మనం చేసుకోగలిగింది కొంతుంది. కువైట్లో ఉన్నవాళ్లకు ఖాతా నంబరు ఒక్కటే పంపకుండా, పాసుబుక్కు మొదటి పేజీ ఫోటో పంపండి, అందులో పేరు ఎలా ఉంటే అక్షరం పొల్లుపోకుండా అలాగే కొట్టమనండి. ఆధార్‌కూ పాసుబుక్కుకూ తేడా ఉంటే డబ్బు రాని రోజుల్లోనే, తీరిగ్గా, బ్రాంచిలో మార్పించుకోండి. డబ్బు ఆగితే నోటిమాటతో సరిపెట్టుకోకుండా ఫిర్యాదు రాసిచ్చి అందినట్టు ముద్ర వేయించుకోండి. ముప్పై రోజుల్లో తేలకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు వెళ్లవచ్చు, 14448కి ఫోన్ చేస్తే ఎలాగో చెప్తారు.

పేరు కలవనప్పుడు కస్టమరుకు ఇవ్వాల్సిన నోటీసు ఎలా ఉండాలో అరపేజీలో తెలుగులో రాసి, పోయిన వారం ఒక బ్రాంచి మేనేజరుకు ఇచ్చాను. ఆయన చదివి, బాగుందన్నాడు. కానీ బ్రాంచి స్థాయిలో సొంతంగా ఏ ఫారమూ వాడకూడదట. రీజనల్ ఆఫీసుకు పంపుతానని నకలు తీసుకున్నాడు. కావాలన్నవాళ్లు కామెంట్లలో అడగండి, మీకూ పంపుతాను, మీ బ్రాంచిలో ఇచ్చి చూడండి.